గుండీల స్వెట్టర్

"స్వెట్టర్ తలమీంచి తీసేటప్పుడు దాంతోపాటు విగ్గు కూడా ఊడొచ్చేస్తేనో?"

రేపు బడి తెరుస్తారనగా, ఆదివారం పొద్దున, పెనం మీద గుడ్లు వేగుతుండగా నేను పైకి అన్న మాట ఇది. మనసులో అనుకోవలసింది. నాకు మనసులో అనుకోవడం చేతకాదు. భయం ఎక్కడ పుడుతుందో నాకు నోరూ అక్కడే ఉంది.

కీత్ తలెత్తకుండా రొట్టె మీద వెన్న రాసుకుంటున్నాడు. "ఇంకా సెప్టెంబరు కూడా సరిగ్గా మొదలవలేదు. స్వెట్టర్ ఎవరు తొడిగారు, ఎవరు తీశారు?" అన్నాడు. మా ఆయన ఓక్‌డెన్‌లో చెత్తబండి నడుపుతాడు. రోజూ తెల్లారకముందే లేచి ఊరు పారేసినవన్నీ చూసే మనిషి కదా, దేనికీ తొందరగా బెదరడు.

"డిసెంబరు రాదా? స్వెట్టర్ల రోజు రాదా? మధ్యాహ్నానికల్లా క్లాసులో ఉక్కపోసి పిల్లలంతా తీసేస్తారు. మన పిల్లా మరిచిపోయి తీసిందనుకో. ముప్ఫై మంది ముందు. ఎవడో ఒకడు ఫోన్లో ఫొటో తీయకపోడు. అది ఊరంతా తిరిగి..."

"ఇక్కడే ఉన్నానమ్మా," అంది మెట్ల మీంచి మా బ్రయనీ.

దానికప్పుడు పదిహేనేళ్లు. ఈస్టర్ పండక్కి చెవి వెనక బిళ్లంత మేర నున్నగా అయింది. తర్వాత ఇంకోచోట. ఆగస్టు వచ్చేసరికి తల మీద ఒక్క వెంట్రుక లేదు. ఒంట్లో రోగాలతో పోరాడే శక్తే దారి తప్పి జుట్టు మీద పడుతుందని, తిరిగి రావచ్చు, రాకనూ పోవచ్చని డాక్టరమ్మ చెప్పింది. 'రాకనూ పోవచ్చు' ఒక్కటే నాకు వినిపించింది. సెలవులన్నీ సముద్రం ఒడ్డున కీత్ చెల్లెలి ఇంట్లో టోపీ పెట్టుకుని గడిపింది కాబట్టి ఊళ్లో ఎవరికీ తెలియదు. ఆసుపత్రివాళ్లు ఇచ్చిన విగ్గు అచ్చం దాని జుట్టు రంగే, చెస్ట్‌నట్ కాయలా ఎర్రటి గోధుమరంగు. తెలిసినవాళ్లకే తెలుస్తుంది.

గుడ్లు పళ్లెంలో వేస్తుంటే నా పక్కకొచ్చి నిలబడింది.

"అమ్మా, ఎవరికీ చెప్పొద్దు."

"నేనెందుకు చెబుతాను?"

"బెరిల్ ఆంటీకి కూడా."

నేను ఉప్పు వెతుక్కున్నాను.

"చూశావా, అందుకే అడుగుతున్నా. బెరిల్ ఆంటీకైతే అసలే చెప్పొద్దు. మాటివ్వు."

"అది కాదే, బెరిల్ మనిషి మంచిదేగా..."

"మంచిదే. అదే భయం." పళ్లెం నా చేతిలోంచి తీసుకుంది. "జుట్టు పోయినందుకు ఏడవడం అయిపోయిందమ్మా. ఇప్పుడు నాకున్న భయం ఒక్కటే. తెలిసినవాళ్లు ఇలా తల ఓ పక్కకి వాల్చి చూస్తారు చూడు, ఆసుపత్రిలో ఆ నర్సు చూసినట్టు, ఆ చూపు. బళ్లో ఒక్కసారి ఆ చూపు మొదలైందా, ఇంక నేను బ్రయనీని కాను, జుట్టు లేని పిల్లనైపోతాను. వచ్చే వేసవికి పరీక్షలున్నాయి. అంతవరకూ నన్ను నన్నుగా ఉండనివ్వు."

మాటిచ్చాను. పెనం దించి, చేతులు తుడుచుకుని, దాని కళ్లలోకి చూసి మరీ ఇచ్చాను.

*

డిసెంబరు రెండో శుక్రవారం మా బళ్లో యూనిఫాం ఉండదు. పిల్లలూ పంతుళ్లూ అందరూ క్రిస్మస్ స్వెట్టర్లేసుకుని వస్తారు. ఎంత వికారంగా ఉంటే అంత గొప్ప. ముక్కు దగ్గర బల్బు వెలిగే దుప్పులు, బొత్తిగా బూడిదగుమ్మడిలా కనిపించే మంచుమనుషులు. గేటు దగ్గర బకెట్లో తలా ఓ పౌను వేస్తారు, అది ఏదో ఒక మంచిపనికి పోతుంది. ఆ రోజే మేం వంటగదిలో పిల్లలందరికీ క్రిస్మస్ భోజనం వండుతాం. పద్నాలుగేళ్లుగా ఆ వంటగదిలోనే నా ఉద్యోగం.

మిగతా ఊళ్ల సంగతేమో గాని, ఓక్‌డెన్‌లో కొన్న స్వెట్టర్ వేసుకుంటే కాస్త నామోషీ. ఒకప్పుడు లోయ పొడుగునా ఊలు మిల్లులే. ఇప్పుడు మిల్లులో కార్పెట్లమ్ముతున్నారు గాని వేళ్లకి అలవాటు పోలేదు. మంగళవారం సాయంత్రాలు మా చిన్న చర్చి చాపెల్ హాల్లో ఓ ఇరవైమందిమి కూర్చుని అల్లుతాం. ఏడాదికి ఒకే నమూనా, అది బెరిల్ ఎంచుతుంది. ఆ ఏడాది ఎర్రరొమ్ము పిట్ట. అందరూ కింది అంచు నుంచి మొదలుపెట్టి గుండ్రటి సూది మీద గొట్టంలా పైకి అల్లుకుంటూ పోవాలి. పక్కన అతుకు గాని, ముందు చీలిక గాని ఉండకూడదు. "అతుకు బతుకులో చాలు, అల్లికలో వద్దు," అంటుంది బెరిల్.

నేను ముందు గుండీలు పెట్టి అల్లాలని నిశ్చయించుకున్నాను. తలమీంచి తీసే పనే ఉండదు. అల్లుతున్నది ఇంట్లోనే దాచి మంగళవారాలు ఉత్త చేతులతో వెళ్లానా, అడుగుతారు. వెళ్లడం మానేశానా, ఇంటికే వస్తారు. అందుకని ముందు భాగాల్లో ఒకటి సంచిలో పెట్టుకుని వెళ్లి, మూలకి కూర్చున్నాను.

బెరిల్‌కి అరవై ఎనిమిదేళ్లు. మిల్లులో నేసిన బట్టలో తప్పులు పట్టే పనిలో ముప్ఫై ఏళ్లు చేసింది. కళ్లు మూసుకుని గజాలకి గజాలు వేళ్లతో తడిమి, తెగిన పోగు ఎక్కడుందో చెప్పేది. నా వెనగ్గా వెళుతూ ఒక్క క్షణం ఆగింది.

"ఏమే డెనీస్, సూది మీద సగం కుట్లే ఉన్నాయేం?"

"వెనక భాగం."

"గొట్టానికి ముందేంటి, వెనకేంటి?" నా చేతుల్లోంచి లాక్కుని అంచు తడిమింది. "ఇవి కాజాలు! ముందు చీలుస్తున్నావు! స్వెట్టర్ల రోజుకి గుండీలేంటే, బ్రయనీ ఏమన్నా రిటైరైన బ్యాంకు మేనేజరా?"

హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. తర్వాత టీ కప్పులు కడగడానికి లోపలికి వెళితే బెరిల్ తువ్వాలు పట్టుకుని నా వెనకే వచ్చి తలుపు మూసింది.

"ఇప్పుడు చెప్పు. పిల్లకేమైంది?"

ఏమీ లేదన్నాను. ఏమీ లేనిదానికి కడిగిన కప్పే మళ్లీ ఎందుకు కడుగుతున్నావంది. అంతే. ఒక కప్పు కడిగినంత సేపు కూడా పట్టలేదు, అంతా చెప్పేశాను. ఈస్టరు నుంచి గుండెల మీద పెట్టుకున్న బండ. కీత్‌తో చెబితే "అదే వస్తుందిలే" అంటాడు. బ్రయనీతో చెప్పకూడదు. పొద్దున్నే దాని దిండు గలేబు దులుపుతూ నేను పడ్డ హడలు ఈ ఆర్నెల్లుగా ఎవరితోనూ అనలేదు. బెరిల్ నాకు అల్లిక నేర్పిన మనిషి. బ్రయనీకి బాప్తిస్మమిచ్చిన రోజున చేతుల్లో పట్టుకుని నిలబడ్డ మనిషి. ఆవిడ ఏడ్చింది. ఆవిడ ఏడుస్తుంటే నాకు తేలికైంది.

"దానికి మాటిచ్చాను బెరిల్. ఎవరికైనా తెలిస్తే చచ్చిపోతుంది."

"నా నోట్లో నువ్వుగింజ నానదనుకున్నావా? నేనెత్తుకున్న పిల్ల అది. మా అమ్మ మీదొట్టు."

ఆ సాయంత్రం ఆర్నెల్ల తర్వాత నాకు ఆకలేసింది. మాంసం పై, బఠాణీలు రెండోసారి వడ్డించుకుంటుంటే కీత్ ఆశ్చర్యంగా చూశాడు. బ్రయనీ కూడా చూసి నవ్వింది. "అమ్మ తింటోంది, రేపు వాన ఖాయం," అంది.

*

నవంబరు నెలంతా నేను పడని భయం లేదు, పడవలసిన భయం తప్ప.

మంగళవారం నేను హాల్లోకి అడుగు పెట్టగానే మాటలు ఆగిపోయేవి. ఊలు సంచుల నోళ్లు గబుక్కున మూసుకునేవి. ఎవరితో ఏమన్నానా అని వారమంతా తలపోసుకున్నాను. సంతలో గుండీలమ్మే ముసలాయన, "మీ బెరిల్ నా దగ్గరున్న ఎర్ర గుండీలన్నీ ఊడ్చుకుపోయింది, దుకాణం పెడుతోందా?" అన్నాడు. మా మేనత్త మతి తప్పే ముందు నలభై గొడుగులు కొంది. ఇంటికొచ్చి కీత్‌తో అన్నాను.

"బెరిల్‌కి మతి పోతోందేమో."

"నీది ఉన్నంతవరకు పర్లేదు."

"నవ్వులాట కాదు. లేదా ఏదో పెద్ద జబ్బు. నన్ను చూస్తే కళ్లు తిప్పుకుంటోంది. నాతో చెప్పలేక బాధపడుతోంది పాపం."

బెరిల్‌నే అడిగాను కూడా. నా బుగ్గ గిల్లి, "నా చావు దగ్గరకొస్తే ముందు నీకే కబురెడతాలే. నోరు మూసుకుని స్వెట్టర్ పూర్తి చెయ్యి," అంది. ఆ కళ్లలో మెరుపు చూసి జ్వరమేమో అనుకున్నాను.

ఇంట్లో మాత్రం నెలల తరబడి లేని వెలుగు. డిసెంబరు మొదటి వారంలో స్వెట్టర్ పూర్తయింది. ముదురాకుపచ్చ, గుండెకి అటొకటి ఇటొకటి ఎదురెదురుగా చూసుకునే రెండు పిట్టలు, నడుమ ఏడు గుండీలు. బ్రయనీ వేసుకుని, అద్దం ముందు గుండీలన్నీ పెట్టి, విప్పి, మళ్లీ పెట్టింది.

"అమ్మా, ఇది నిజంగానే బాగుంది. అంటే, వికారంగా బాగుంది."

"నువ్వు అందరిలా వేసుకోలేదని ఎవరన్నా అడిగితే?"

"మా అమ్మకి గుండ్రంగా అల్లడం రాదంటాను."

"ఏదీ, ఆ మాట బెరిల్ ముందను!"

ఇద్దరం నవ్వుకున్నాం. అప్పుడే చెప్పింది, క్రిస్మస్ భోజనానికి ముందు పాడే పిల్లల్లో తానూ ఉన్నానని, మొదటి చరణం తానొక్కతే పాడుతున్నానని. జుట్టు ఊడడం మొదలైనప్పటి నుంచి అది స్నానాల గదిలో కూడా పాడలేదు. నాకు ఒక్కసారిగా వంద భయాలు లేచాయి. గొంతు పోతేనో, వేదిక మీద కాలు జారితేనో, అందరూ దాని తలకేసే చూస్తేనో. నాలుక కొరుక్కున్నాను. "బాగా పాడు తల్లీ," అన్నాను. నాలుక కొరుక్కున్నందుకు నన్ను నేను మెచ్చుకున్నాను కూడా.

*

ఆ శుక్రవారం ఏడింటికే వంటగదిలో ఉన్నాను. బంగాళాదుంపలు చెక్కు తీయాలి, చిట్టి క్యాబేజీలు వొలవాలి, ఇరవై టర్కీ కోళ్లు ముక్కలు కోయాలి. గేటు వైపు కిటికీ లేదు. పిల్లలొచ్చిన గోల వినిపించిందే గాని ఎవర్నీ చూడలేదు. పన్నెండింటికి వడ్డించే బల్ల మీద తెర ఎత్తారు.

ముందు హెడ్మాస్టరు కనిపించారు. దుప్పి బొమ్మ స్వెట్టర్, నడుం దాకా ఎర్ర గుండీలు. ఒళ్లు చేశారు, తలమీంచి పట్టక అలా వేసుకున్నారు కాబోలనుకున్నాను. ఆయన వెనక లెక్కల టీచరమ్మ. గుండీలు. ఆఫీసులో గుమాస్తా పిల్ల, వాళ్లమ్మ మంగళవారం మాతోనే అల్లుతుంది. గుండీలు. ఆ తర్వాత పెద్ద క్లాసు పిల్లలు బారుగా వచ్చారు. కొందరివి మా హాల్లో అల్లినవే, కుట్లు చూస్తే ఎవరి చేతివో చెప్పగలను. కొందరు అంగట్లో కొన్న స్వెట్టర్లని నిలువునా కత్తెరతో కోసి, వచ్చీరాని కుట్లతో గుండీలు తగిలించుకున్నారు. అన్నీ ఎర్ర గుండీలే.

నా చేతిలో గరిటె అలాగే ఉంది. పక్కన లొరెయిన్, నాతో పద్నాలుగేళ్లుగా దుంపలు చెక్కిన మనిషి, నా వైపు తిరిగి ఏప్రాన్ పక్కకి లాగి తన ఎర్ర గుండీలు చూపించింది.

"చూశావా! నెలన్నర నుంచి నీకు చెప్పకుండా దాచలేక చచ్చాననుకో. బెరిల్ తోలు వొలుస్తానంది. పిల్లలు కూడా పన్నెండు దాకా కోట్లు విప్పలేదు, మీ అమ్మాయి ఇక్కడే చూడాలని."

గోడ మీద కాగితం అంటించి ఉంది. 'ఈ ఏడాది తలమీంచి కాదు, ముందు గుండీలు! జుట్టు కోల్పోయిన పిల్లలకి విగ్గుల కోసం. మన మధ్యే ఉన్న ఒక ధైర్యవంతురాలి కోసం.' పేరు లేదు. పేరు ఎందుకు?

పాడే పిల్లలు పక్క తలుపులోంచి వచ్చారు. మా బ్రయనీ మూడోది. తల వంచుకుని, కింది గుండీ సరిచేసుకుంటూ వచ్చి నిలబడి, తలెత్తింది.

పియానో మొదలైంది. ఎత్తుగడ అయిపోయింది, మా అమ్మాయి నోరు తెరవలేదు. వాయించే ఆయన నవ్వుతూ మళ్లీ మొదటి నుంచి వాయించారు. హాలు నిండా జనం, అందరి ముఖాల్లోనూ ప్రేమే, ఒక్క దాంట్లో కూడా వెటకారం లేదు. అందరి తలలూ ఓ పక్కకి వాలి ఉన్నాయి. రెండోసారి ఎత్తుగడ అయిపోగానే పక్కనున్న పిల్ల మొదటి చరణం అందుకుంది. బ్రయనీ కదలలేదు, పారిపోలేదు, ఏడవలేదు. హాలంతా వెతికి, వడ్డించే బల్ల వెనక వలటోపీ పెట్టుకుని నిలబడ్డ నా దగ్గర చూపు ఆపింది.

పాటయ్యాక చప్పట్లు ఎంతసేపు కొట్టారో.

లొరెయిన్ నా మోచేయి తట్టింది. "పులుసు పొయ్యవే, ఆరిపోతోంది." పోశాను. మూడువందల పళ్లేల్లో పోశాను.

బ్రయనీ మధ్యాహ్నం క్లాసులన్నీ కూర్చుని, రోజూ వచ్చే వేళకే ఇంటికొచ్చింది. నేను వంటింట్లో కోటు కూడా విప్పకుండా కూర్చుని ఉన్నాను.

"ఎంతమందికి చెప్పావు?" అంది.

"ఒక్కరికే."

"ఒక్కరికే," అంది. పైకి వెళ్లిపోయింది.

*

మర్నాడు బెరిల్ ఇంటికి వెళ్లాను. కేకు మీద పంచదార పూత పూస్తోంది. నన్ను చూడగానే చేతులు చాపింది.

"రా రా, ఏడ్చావా? నేనూ రాత్రంతా ఏడ్చాను. ఇన్నేళ్లలో ఇంత డబ్బు ఎప్పుడూ రాలేదట, బకెట్లు చాలక సంచుల్లో పోశారట. ఊరు ఊరంతా, డెనీస్! ఆ మాంసం కొట్టు అతను కూడా గుండీలు కుట్టించుకున్నాడు."

"ఒట్టేశావు బెరిల్."

"వేశాను. పేరెక్కడన్నా రాశానా? ఒక్కచోట చూపించు."

"ముందు గుండీలున్న స్వెట్టర్ దానికొక్కదానికే ఉందని మంగళవారం ఇరవైమంది చూశారు. పేరు రాయాలా?"

పూత పూసే చాకు పక్కన పెట్టింది. ఆవిడ ముఖం నిజంగానే అర్థం కాని ముఖం. దాన్నే నేను తట్టుకోలేకపోయాను. దొంగ ముఖమైతే తిట్టి వచ్చేసేదాన్ని.

"రేపు బళ్లో ఎవడైనా ఆ విగ్గు లాగి నవ్వితే?" అంది బెరిల్. "అప్పుడేం చేసేదానివి? నువ్వేగా నాతో అన్నావు, అదే నీ భయమని. ఇప్పుడెవడు నవ్వుతాడో చూడు. ఊరంతా దాని వెనక నిలబెట్టాను నేను."

"ఎవరూ నిలబడొద్దనే అది అడిగింది."

"పిల్లలకేం తెలుసు ఏం కావాలో!"

"దానికి తెలుసు. నాతో చెప్పింది. మాట కూడా తీసుకుంది."

"నీ దగ్గర తీసుకుంది," అంది బెరిల్. గట్టిగా కూడా అనలేదు. "నా దగ్గర కాదు. ఆ పిల్లకి మాటిచ్చింది నువ్వే. తలుపు తీసి నన్ను లోపలికి పిలిచి, ఇప్పుడు ఎందుకొచ్చావంటావేం?"

పద్దెనిమిదేళ్ల స్నేహం మాది. ఆ వంటింట్లో ఏ సొరుగులో ఏ చెంచా ఉంటుందో నాకు తెలుసు. నిన్నటి దాకా ఈ లోకంలో నా భయాలన్నీ దించుకునే చోటు అదొక్కటే. ఇకమీదట నాకు ఏ జ్వరమొచ్చినా, కీత్ బండి ఆలస్యమైనా, ఎక్కడికి వెళ్లి చెప్పుకోను? ఒక అమ్మకి ఇలాంటప్పుడు రావలసిన ఆలోచన ఇదా? అయినా ముందు అదే వచ్చింది. సిగ్గేసింది. తలుపు చప్పుడు కాకుండా వేసి వచ్చేశాను.

ఆ కేకు క్రిస్మస్ ముందురోజు కీత్ చేత పంపింది. బల్ల మీద అలాగే ఉండిపోయింది.

"కేకేం చేసింది పాపం?" అన్నాడు కీత్.

చివరికి పనివాళ్లకని బండిలో పెట్టుకుపోయాడు.

*

మానేస్తుందనుకున్నాను గాని, జనవరిలో బ్రయనీ బడికి వెళ్లింది. రోజూ వెళ్లింది. అదే విగ్గు, మామూలు యూనిఫాం కోటు. ఎవరూ నవ్వలేదు. బెరిల్ అన్నమాట నిజమే, నవ్వే ధైర్యం ఎవడికీ లేదు. తలుపులు తెరిచి పట్టుకుంటున్నారు. ఇంతకుముందు దానితో గొడవపడి మాట్లాడని పిల్ల కూడా వచ్చి క్షమించమంది. భోజనాల దగ్గర పక్కన కూర్చోవడానికి పోటీలు పడ్డారు. వారం రోజులు చూసి, అది పళ్లెం పట్టుకుని లైబ్రరీలోకి వెళ్లి ఒక్కతే తినడం మొదలెట్టింది. పాటల బృందం మానేసింది. చాపెల్ మానేసింది. నేను మంగళవారాలు మానేశాను.

నాతో కోపంగా మాట్లాడిందా అంటే, అదీ లేదు. వడ్డించే బల్ల దగ్గరికొచ్చి "కొంచెం బఠాణీలు" అనేది. ఇంట్లో "తలుపేశాను" అనేది. బాడుగకుండే పిల్ల ఇంటివాళ్లతో మాట్లాడినంత మర్యాదగా మాట్లాడేది. నేను క్షమించమన్నాను, ఏడుసార్లో ఎనిమిదిసార్లో. "ఊఁ" అంది అన్నిసార్లూ. అరిచి ఉంటే బాగుండేది.

"కాస్త టైమివ్వు," అన్నాడు కీత్.

"ఇంకెప్పటికీ మాట్లాడకపోతే? రేపు పెళ్లై, పిల్లలు పుట్టి, దానికేదైనా ఒంట్లో బాగాలేకపోయినా మనకి చెప్పకపోతే?"

"పెళ్లి దాకా వెళ్లావా అప్పుడే!" అన్నాడు గాని, ఆ పూట అతను నవ్వలేదు.

జనవరి ఇరవైన దానికి పదహారు నిండాయి. ఆ నెలాఖరు గురువారం ఆసుపత్రికి వెళ్లవలసిన రోజు. బస్సులో గంట. ఇద్దరం పక్కపక్కనే కూర్చుని వెళ్లాం. నర్సు పేరు పిలవగానే అలవాటుగా నేనూ లేచి సంచి భుజాన వేసుకున్నాను. బ్రయనీ నా వైపు చూడకుండానే, "నేనొక్కదాన్నే వెళతాను," అని నర్సుతో అంది. నర్సు నన్ను చూసింది. పదహారేళ్లు నిండితే వాళ్లడిగినట్టే చేయాలి. కూర్చున్నాను.

ఇరవై ఐదు నిమిషాలు. అంతసేపు ఎప్పుడూ ఉంచుకోలేదు. లోపలేదో కొత్తగా కనిపెట్టారు. కనుబొమలు కూడా పోతాయంటారు. లేదా అసలు జబ్బు ఇది కాదు, ఇంకేదో, దీని వెనక దాక్కున్నది. గోడ మీద పిల్లల బొమ్మలు లెక్కపెట్టాను. పదకొండు. మళ్లీ లెక్కపెడితే పన్నెండు.

బయటికొచ్చింది. ముఖంలో ఏమీ లేదు. చేతిలో ఒక కాగితం, మడిచి కోటు లోపలి జేబులో పెట్టుకుంది. "వెళ్దామా?" అంది.

బస్సులో పైఅంతస్తులో ముందు సీటు ఖాళీగా ఉంది. అక్కడే కూర్చున్నాం. కిటికీ అద్దానికి ఆవిరి పట్టింది. వాన సన్నగా పడుతోంది. 'ఏమందే?' అని అడగడానికి నోరు తెరిచాను. మూశాను. పెట్రోలు బంకు దాటాం. మళ్లీ తెరిచాను. మూశాను. చేతి తొడుగులు విప్పి మళ్లీ వేసుకున్నాను. ఆ కాగితంలో ఏముందో చూపిస్తానంటే నా రెండు కళ్లూ ఇచ్చేసేదాన్ని. కళ్లు లేకపోతే చదవలేనన్న ఆలోచన కూడా రాలేదు.

"అమ్మా."

ఏడు వారాల తర్వాత ఆ పిలుపు.

"నీకు చెబితే ఎవరికీ చెప్పకుండా ఉండగలవా? నాన్న సంగతి కాదు, నాన్నకి చెప్పుకో. ఇంకెవరికీ. ఎన్నాళ్లైనా."

ఉండగలనని నాలుక చివరిదాకా వచ్చింది. ఎంత తేలికైన మాట! సెప్టెంబరులో కూడా అంతే తేలిగ్గా వచ్చింది, దాని కళ్లలోకి చూసి మరీ. ఒక్కమాట అంటే చాలు, ఆ కాగితం జేబులోంచి వస్తుంది, నా పిల్ల నాకు వస్తుంది. తర్వాత ఏదో ఒక రోజు, ఎక్కడో కప్పులు కడుగుతూ, ఎవరో తలుపు మూసి "ఇప్పుడు చెప్పు" అంటే? నేను ఎలాంటి మనిషినో నాకు నలభై ఆరేళ్లుగా తెలుసు. దానికి పదహారేళ్లుగా తెలుసు. అయినా అడిగింది.

అది నా వైపే చూస్తోంది. కార్పెట్ల మిల్లు మలుపు వచ్చింది. స్మశానం గోడ వచ్చింది. ఎవరో గంట నొక్కారు, దిగారు, బస్సు మళ్లీ కదిలింది. ఎత్తు మీద గొర్రెలు వానలో అలాగే నిలబడి ఉన్నాయి. మా స్టాపుకి ఇంక రెండే స్టాపులున్నాయి.

"ఉండలేనమ్మా," అన్నాను. "నాకు చెప్పకు."